ఏడో నెంబరు పెట్టె

ఝాన్సీలక్ష్మి ఇంట్లో ఆదివారం పూట కోడిగుడ్ల పులుసు పెట్టేవాళ్ళు. పులుసులో గుడ్లు రెండే ఉండేవి, ఇంట్లో కంచాలు మాత్రం అయిదు. ఆ రెండూ ఎవరివని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, పెరట్లో తిరిగే పిల్లిక్కూడా ఆ సంగతి తెలుసు. ఒకటి మొగుడు ప్రకాశరావుది, ఒకటి ఏడేళ్ళ కొడుకు చంటిగాడిది. అత్తగారు దుర్గాంబకీ, ఝాన్సీకీ, తొమ్మిదేళ్ళ కూతురు తులసికీ పులుసు. అది మాత్రం ఎంతైనా పోసుకోవచ్చు. "పోసుకోండే, పులుసుకేం కరువా" అని దుర్గాంబ ఎంతో ధారాళంగా అనేది కూడా.

లేక ఇలా చేసుకుంటున్నారు పాపం అనుకునేరు. లేకేం! రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో ఎనిమిదెకరాల మాగాణి, అక్కడే ఉండి దాన్ని చేయించే మామగారు వెంకట్రామయ్య, బాపట్ల బజారులో ప్రకాశరావుకి ఎరువుల కొట్టు, దొడ్లో రెండు పూటలా పాలిచ్చే గేదె. ఆడపిల్లకి పెట్టకపోవటం ఆ ఇంట్లో లేమి కాదు, పద్ధతి. గుడ్డు వేడి, పాలు కొవ్వు, నువ్వులుండ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. "ఇప్పట్నించే మేపావంటే పదేళ్ళకే పెద్దమనిషయి కూర్చుంటది. అప్పుడేం చేస్తావే?" అనేది దుర్గాంబ.

అప్పుడేం చేస్తారో ఝాన్సీకి బాగా తెలుసు. ప్రకాశరావు అక్కకూతురు, పొన్నూరు పిల్ల, బొద్దుగా ముద్దుగా ఉండేది. పదకొండో ఏట పెద్దమనిషైంది, ఆ వారమే బడి మానిపించారు, పదిహేనో ఏట పెళ్ళి చేసి పంపించారు. ఆ పెళ్ళినించి వచ్చిన రోజు ప్రకాశరావు అన్నంలో మజ్జిగ పోసుకుంటూ తేల్చి చెప్పేశాడు. "మన పిల్లయినా అంతే. పెద్దమనిషయ్యేదాకా చదివిద్దాం. ఆ తర్వాత వయసొచ్చిన పిల్లని బజార్ల వెంట తిప్పటం నావల్ల కాదు." ఝాన్సీ ఆ రోజు లోలోపల ఒక లెక్క వేసుకుంది. పిల్ల ఎంత ఆలస్యంగా ఎదిగితే అన్ని క్లాసులు ఎక్కువ చదువుతుంది. గుడ్డు మానితే ఏం, పాలు మానితే ఏం, ఒక ఏడు కలిసొస్తే హైస్కూలు గుమ్మం తొక్కుతుంది. అత్తగారు ఒకందుకు వద్దంటే కోడలు ఇంకొకందుకు సరేనంది, అలా ఇద్దరూ కలిసిపోయారు. తులసి రెండేళ్ళ కిందటి గౌను ఇంకా వేసుకుంటుంటే, నిజం చెప్పొద్దూ, ఝాన్సీకి కాస్త గర్వంగానే ఉండేది.

ఈ ఝాన్సీలక్ష్మి గుంటూరులో జంతుశాస్త్రం బీయెస్సీ చదివిన మనిషి. రేపల్లె వైపు ఊళ్ళలో వానలు పడ్డాక పిల్లలకి మెదడువాపు జ్వరం వస్తోందని, వరిచేలల్లో పుట్టే దోమే దాన్ని మోస్తోందేమోనని, డెబ్బైల్లో బాపట్లలో ఒక పెంకుటింట్లో చిన్న పరిశోధన కేంద్రం తెరిచారు. ఊళ్ళో దాన్ని దోమల ఆఫీసు అనేవాళ్ళు. అందులో ఝాన్సీకి ఉద్యోగమొచ్చింది. వీధి చివరే కదా, మగాళ్ళ రద్దీ లేదు కదా అని ప్రకాశరావు ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నందుకు కొట్లో కూర్చుని నలుగురినీ నవ్వించేవాడు. "మా ఆవిడ దోమలకి పురుళ్ళు పోస్తుందండోయ్" అని.

అతనన్నదాంట్లో అబద్ధమేం లేదు. రేపల్లె చేలల్లోంచి తెచ్చిన గుడ్లని తెల్ల ఎనామిల్ బేసిన్లలో పొదిగించి, నీళ్ళలో గిలగిల కొట్టుకునే సన్నటి పురుగుల్ని బేసిన్‌కి రెండొందల చొప్పున లెక్కపెట్టి, పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా, ఈస్టూ తవుడూ కలిపి దంచిన పొడి వెయ్యాలి. పది పన్నెండు రోజులకి అవి దోమలై లేస్తాయి. అందులో మగవాటిని ఏరి అవతల పారేస్తారు, అవి కుట్టవు, జబ్బు మొయ్యవు, ఎందుకూ కొరగావు. ఆ ఏరివేత ఝాన్సీకి మహా ఇష్టంగా ఉండేది. ఆడదోమల్ని మాత్రం సన్నటి వలపెట్టెల్లో పెట్టి, పెట్టెకి నెంబరేసి, తడిగుడ్డ చుట్టి, స్టేషనుకి పట్టుకెళ్ళి మెయిలెక్కించాలి. దూరాన పెద్ద ల్యాబులో వాటికి వైరసు కలిపిన రక్తం పట్టించి, ఎన్నింటి ఒంట్లో అది పాతుకుందో చూసి ఉత్తరం రాస్తారు. ఏ బేసిన్ ఏ రోజు ఎంత తిన్నదీ ఝాన్సీ నోటుబుక్కులో రాసి తీరాలి. తను పొద్దున్నించీ వండిందాంట్లో ఎవరికెంత పోయిందో ఇంట్లో ఎవడూ రాయడు, ఇక్కడ పురుగుకి వేసిన చిటికెడు పొడికీ రాత ఉంది. అందుకే ఇంట్లో కన్నా అక్కడ ఆమెకి ఊపిరాడేది.

కేంద్రానికి పెద్ద దశరథరామయ్య గారు. రోజూ తెనాలి నించి రైల్లో వచ్చేవారు, రైలు లేటయితే ఆ కోపం మధ్యాన్నం దాకా ఉండేది. ఊడవటానికీ, నీళ్ళు మొయ్యటానికీ రాహేలు. ఆమెది ఆ పక్క పేట, యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఇంతే ఆఫీసు.

ఆ ఏడు ఆగస్టులో కాలవలకి నీళ్ళు లేటుగా వదిలారు. వదిలీ వదలగానే డెల్టా అంతా ఒక్కసారే నాట్లకి దిగింది. నగరంలో నాట్లంటే దుర్గాంబ తెల్లారగట్లే ప్రయాణం కట్టేసి, కోడల్ని కూడా బయల్దేరమంది. కూలీలకి అంబలి, అరకలు తోలేవాళ్ళకీ చుట్టాలకీ రెండు పూటలా అన్నాలు.

"ఆఫీసులో సెలవు అడగలేదండీ అత్తయ్యగారూ, మా సారు మద్రాసెళ్ళారు. బేసిన్లలో పురుగులున్నాయి, వాటికి వేళకి పొడి పడాలి."

"చాల్లే సంబడం! నాలుగు రోజులు దోమలకి తిండి లేకపోతే ఏం కొంప మునిగిద్దంట? అక్కడ మనుషులకి వండేవాళ్ళు లేరు."

ప్రకాశరావు పేపరు దించకుండానే, "అమ్మ చెప్పింది విను" అన్నాడు. ఆ మూడు మాటలూ అతను పెళ్ళయిన నాటినించీ పేపరు వెనకనించే అంటున్నాడు. ఝాన్సీ గబగబా ఆఫీసుకి పరుగెత్తింది. ఆరు బేసిన్లున్నాయి. ఆరింటికీ రోజూ నీళ్ళు మార్చటం రాహేలు మోకాళ్ళకి అయ్యే పని కాదు. ఏం చెయ్యాలో తోచక ఆ గదిలో నాలుగుసార్లు తిరిగి, చివరికి ఇంట్లో చుట్టాలెక్కువైనప్పుడు ఏం చేస్తుందో అదే చేసింది. ఆరు బేసిన్ల పురుగుల్నీ రెండు బేసిన్లలోకి వంచేసింది. "రాహేలమ్మా, దీనికో చెంచా, దీనికో చెంచా. పొద్దునా సాయంత్రం. మర్చిపోకు తల్లీ" అని చెప్పి, తెనాలిలో బండి మారి, రేపల్లెలో దిగి, అక్కడినించి బస్సులో నగరం చేరింది. నాలుగు రోజులూ పొయ్యి దగ్గరే. ఇరవైమంది తిని లేచాక అడుగున మిగిలిన మెతుకుల్లో మజ్జిగ కలుపుకుంటుంటే, రెండొందలకి పెట్టే చెంచా ఆరొందలకి పడుతోందన్న సంగతి గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు.

తిరిగొచ్చేసరికి సగం పురుగులు చచ్చి నీళ్ళమీద తేలుతున్నాయి. మిగతావి బతికాయి. ముడుచుకుని ప్యూపాలయ్యాయి, దోమలై లేచాయి కూడా, కానీ ఎంతంటే ఆవగింజకి రెక్కలొచ్చినట్టు. వాటిని చూస్తుంటే ఆమెకి ఏదో పోలిక తట్టబోయి తట్టలేదు. ఆ వారం మెయిలుకి పెట్టె వెళ్ళాల్సిందే, లేకపోతే వరస తప్పుతుంది. నోటుబుక్కులో జరిగింది జరిగినట్టు రాసింది, ఆరు బేసిన్లు రెండయ్యాయని, చెంచా మాత్రం మారలేదని. రాసి, పెట్టె మీద ఏడో నెంబరేసి రైలెక్కించింది.

మూడు వారాలకి ఉత్తరమొచ్చింది. దశరథరామయ్య గారు అది నాలుగుసార్లు చదివి, ఝాన్సీని పిలిచారు. బల్లమీద నోటుబుక్కు తెరిచే ఉంది.

"మన పెట్టెలన్నిట్లోనూ ఇరవై దోమల్లో నాలుగో అయిదో వైరసు పట్టాయి. ఏడో నెంబరులో పదిహేను పట్టాయి. ఈ పెట్టెని మాడ్చింది ఎవరమ్మా?"

ఉద్యోగం పోయిందనే అనుకుంది. రాహేలు మీద నెడితే పోయేది, నాట్ల మీద నెట్టినా పోయేది. ఝాన్సీకి ఆ తెలివి లేక కాదు, ఉత్తరంలో ఉన్న ఆ పదిహేను ముందు అబద్ధం ఆడబుద్ధి కాలేదు. తల దించుకుని, "నేనేనండి" అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిన్ను తిట్టాలో మెచ్చుకోవాలో తెలియట్లేదు. మాడిన పురుగు చచ్చూరుకుంటే పీడా పోయేది. చావలేదు, బతికి ఎగిరింది. కానీ లోపల గట్టి లేదు. బాగా తిని పెరిగినదానిలో వైరసు కడుపు గోడ దగ్గరే ఆగిపోతోందేమో, ఇందులో ఆపే గోడే సరిగ్గా లేదేమో. ఇది నా అనుమానమే సుమా. ఒక్క పెట్టెతో ఏదీ తేలదు. మళ్ళీ చేద్దాం. ఈసారి కావాలనే మాడ్చాలి."

"ఎంత పెట్టమంటారండీ?"

"చావకుండా ఉండేంత."

చావకుండా ఉండేంత ఎంతో ఝాన్సీకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చెంచాలో మూడోవంతు తీసుకుంటే చెయ్యి దానంతటదే ఆగింది. ఎన్నేళ్ళ అలవాటు ఆ చేతికి! మీగడ తీశాక గిన్నె అడుగున మిగిలిన పాలు తులసి గ్లాసులో పోసి నీళ్ళు కలిపిన చెయ్యి, పులుసులో గరిటె పెట్టి గుడ్డు గరిటెలోకి రాకుండా తప్పించి వంచిన చెయ్యి. ఆ రోజునించి ఆమెకి ఒక చోట నిలకడ లేదు. కడిగిన బేసిన్ మళ్ళీ కడిగేది. ఇంటికొచ్చి బియ్యం కడుగుతూ ఆఫీసు తలుపు వేశానా అనుకునేది, ఆఫీసులో కూర్చుని పాలు పొంగాయేమో అనుకునేది.

మూడు బేసిన్లు నిండుగా తిన్నాయి, మూడు మాడాయి. మాడే బేసిన్లలో పురుగులు గోడ వెంట పైకి పాకి, పొడి పడే చోట మూతులు పైకెత్తి గుంపుగా ఉండేవి. రాహేలు చీపురు పట్టుకుని చూస్తూ నిలబడిపోయింది.

"డబ్బా నిండా పొడి పెట్టుకుని ఇదేం పనమ్మగారూ?"

"పరీక్ష రాహేలమ్మా. పెడితే ఏమవుద్దో, పెట్టకపోతే ఏమవుద్దో చూడాలి."

"మా ఇంట్లో రోజూ అదే పరీక్ష" అని రాహేలు నవ్వింది. "ఉన్నరోజు అయిదుగురికీ ఉంటది, లేనిరోజు అయిదుగురికీ ఉండదు. ఉండీ ఒకళ్ళకి పెట్టకపోవటం మాత్రం నేనెక్కడా చూళ్ళేదండీ."

ఝాన్సీకి చెంప మీద కొట్టినట్టయింది. ఆ మనిషి తన ఇంటి సంగతి ఎరిగి అనలేదు, పురుగుల గురించే అంది. అయినా ఆ రోజంతా ఝాన్సీ ఆమె మొహం చూడలేకపోయింది.

సెప్టెంబరులో, వినాయకచవితి అయిన వారానికి, పిల్లలిద్దరికీ ఒకే రోజు జ్వరం తగిలింది. మెదడువాపేమోనని ఝాన్సీ పై ప్రాణాలు పైనే పోయాయి. అది కాదు, మామూలు విషజ్వరమే. చంటిగాడు నాలుగో రోజుకి లేచి గేదె తోక పట్టుకుని ఆడుతున్నాడు. తులసి పదిహేను రోజులు మంచం దిగలేదు. ఇంజెక్షను వెయ్యటానికొచ్చిన కాంపౌండరు కొండయ్య జబ్బ పట్టుకుని చూసి, సూది ఎక్కడ గుచ్చాలో తెలియక చేతులు మార్చాడు. "పిల్ల ఒంట్లో ఏం లేదమ్మా, జ్వరం వస్తే ఆపటానికి. ఏం పెడుతున్నారు?" అన్నాడు. దుర్గాంబ వెంటనే, "దానికి తిండి సయించదు నాయనా, చిన్నప్పట్నించీ అంతే" అంది. తులసి మంచంలోంచి తల్లి వైపు చూసింది. అడగలేదు, ఏడవలేదు, ఊరికే చూసింది. ఝాన్సీ పక్కకి తిరిగి పక్కబట్టలు దులిపింది, దులిపినవే మళ్ళీ దులిపింది.

తులసి లేచి తిరుగుతున్న ఒక మధ్యాన్నం, అత్తాకోడళ్ళు వసారాలో చేటల్లో బియ్యం ఏరుతుంటే, ఝాన్సీ ఉండబట్టలేక అనేసింది. "ఇకనించి దానికి పాలు పోస్తానండీ అత్తయ్యగారూ."

దుర్గాంబ అరుస్తుందనుకుంది. అరవలేదు. చేట ఒళ్ళో పెట్టుకుని, రాయి ఏరి అవతల పారేసి, మెల్లిగా చెప్పింది. "మా అమ్మ నాకు మీగడ పెరుగు పెట్టి పెంచిందే. పదేళ్ళకే పెద్దమనిషినయ్యా. పదకొండో ఏట కాపరానికి పంపారు. పదమూడో ఏట కానుపు. మూడు రోజులు అరిచా. ఆ బిడ్డ బతకలా. నేనెందుకు బతికానో తెలియదు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నా, నా కడుపున ఆడపిల్ల పుడితే పాలు పొయ్యనని. మీ ఆడబిడ్డకి పొయ్యలా. పదిహేను దాకా ఆగింది. ఎనిమిదో క్లాసు చదివింది. మన వంశంలో ఏ ఆడది చదివిందే ఎనిమిది? పొన్నూరోళ్ళు నా మాట వినకుండా మనవరాలిని మేపారు, ఏమైందో చూశావుగా. నేను దాని నోరు కొడుతున్నానంటున్నావా? దాన్ని కాస్తున్నానే నేను."

ఇన్నేళ్ళూ అత్తగారిని రాక్షసి అనుకుంటే ఝాన్సీకి ఎంతో సులువుగా ఉండేది. పదమూడేళ్ళ పిల్ల ఒకతి మూడు రోజులు అరిచిన అరుపు ఈ ముసలామె గొంతులో ఇంకా ఉంది, ఆ అరుపు తులసికి రాకూడదని గ్లాసులో నీళ్ళు కలుపుతోంది. తనూ అంతే కదా, చదువు పేరు చెప్పుకుని కలిపింది. ఇద్దరూ పిల్లని కాపాడుతూనే ఉన్నారు, కాపాడి కాపాడి ఎముకల గూడు చేశారు. ఇంతకీ ఎవరినించి కాపాడుతున్నట్టు? పిల్ల ఒళ్ళు ఏం నేరం చేసింది? ఎదగటం దాని పని, ఏ పురుగైనా ఆ పనే చేస్తుంది. బడి మానిపిస్తానన్నది పిల్ల ఒళ్ళు కాదు, ప్రకాశరావు. మజ్జిగ పోసుకుంటూ అన్న ఆ ఒక్క మాటకి ఎదురు చెప్పాల్సి వస్తుందని, ఆ మాట జోలికి పోకుండా, తొమ్మిదేళ్ళ పిల్ల కడుపు జోలికి పోయారు ఇద్దరాడవాళ్ళూ. మొగుడితో వాదించటం కన్నా పిల్లని మాడ్చటం తేలికైంది! ఈ ఆలోచన వచ్చాక ఝాన్సీ ఇక కూర్చోలేక లేచి, ఏరిన బియ్యం డబ్బాలో పోసి, గేదెకి కుడితి పెట్టింది.

అక్టోబరులో మాడిన బేసిన్ల దోమలు లేచాయి. సారు చెప్పినట్టు ఝాన్సీ ఒక్కొక్కటి సూక్ష్మదర్శిని కింద పెట్టి రెక్కలు కొలిచింది. తిన్నవాటి రెక్కలకీ మాడినవాటి రెక్కలకీ కంటికి కనిపించేంత తేడా. జాలేసి, ఎవరూ చూడకుండా మాడినవాటి పెట్టెలో చక్కెరనీళ్ళ దూది ఇంకొకటి ఎక్కువ పెట్టింది. దశరథరామయ్య గారు అది చూడనే చూశారు.

"ఇప్పుడు ఎంత పెడితే ఏం లాభమమ్మా? రెక్క వచ్చాక దోమ ఇక పెరగదు. పెరిగేదంతా నీళ్ళలో ఉన్నప్పుడే. అప్పుడు పెట్టనిది తర్వాత ఎన్ని దూదులు పెట్టినా రాదు" అన్నారు మామూలుగా, పాఠం చెప్పినట్టు. రైలు వేళ కావటంతో గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఝాన్సీ ఆ బేసిన్ల ముందు స్టూలు మీద కూర్చుండిపోయింది. తనకి ముప్ఫై రెండేళ్ళు. తన రెక్క ఎప్పుడో కొలతకి వచ్చేసింది, ఇక మారదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రెండు కానుపులకే నడుం వంగటం, ఇవి ఎవరు ఎప్పుడు ఏ గ్లాసులో కలిపిన నీళ్ళో ఇప్పుడు తవ్వి లాభం లేదు. తులసి ఇంకా నీళ్ళలోనే ఉంది. ఇంకెన్నాళ్ళుంటుందో తెలియదు. మూడేళ్ళో, నాలుగేళ్ళో. పెట్టేదేదో ఇప్పుడే పెట్టాలి.

రెండో ఉత్తరం నవంబరులో వచ్చింది. తిన్న పెట్టెల్లో ఇరవైకి అయిదు, మాడిన పెట్టెల్లో ఇరవైకి పదహారు. సారు ఆనందం పట్టలేక తెనాలి నించి జాంగ్రీల పొట్లం తెచ్చారు. ఝాన్సీ ఆపుకోలేక అడిగేసింది. "మనుషుల్లో కూడా ఇంతేనాండీ?"

"అబ్బే, దోమ దోమే, మనిషి మనిషే. దీన్ని పట్టుకుని ఆ మాటంటే నలుగురూ నవ్వుతారు" అన్నారాయన.

అదీ నిజమే. దోమ సంగతి దోమకే. ఆమెకి కూడా రుజువు కావాలని లేదు. ఎప్పుడో బీయెస్సీలో మార్కులు తెచ్చుకున్న బుద్ధి కొద్దీ అడిగిందంతే. జబ్బ మీద సూది గుచ్చే చోటు దొరకని పిల్లకి గుడ్డు పెట్టటానికి ఏ ల్యాబు ఉత్తరం కావాలి? వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటేనంటారు. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా వడ్డించింది కన్నతల్లి, కడపంక్తిలో కూర్చుంది కన్నకూతురు. గరిటె ఏనాడూ దుర్గాంబ చేతిలో లేదు. ఆమె పీట మీద కూర్చుని మాట అనేది, అంతే. తప్పించి వంచిన చెయ్యి ఝాన్సీది. జాంగ్రీ పొట్లం అలాగే చేత్తో పట్టుకుని ఇంటికెళ్ళి, తులసి నోట్లో ఒకటి పెట్టింది. ఆ పిల్ల నమలకుండా ముందు వంటింటి వైపు చూసింది, నాయనమ్మ వస్తోందేమోనని. ఆ చూపు చూశాక ఝాన్సీకి ఇంకేం ఆలోచించాల్సిన అవసరం కనపడలేదు.

ఆదివారం వచ్చింది. ఝాన్సీ అయిదు గుడ్లు ఉడకబెట్టింది. కంచాలు వేసేటప్పుడు ప్రకాశరావుకీ చంటిగాడికీ మధ్య తులసి పీట వేసింది. తులసి దాని మీద కూర్చోకుండా పక్కన నిలబడింది.

"కూర్చోవే" అంది ఝాన్సీ.

"నాన్నా వాళ్ళూ తినలేదుగా అమ్మా."

"కలిసి తింటారు. కూర్చో."

ప్రకాశరావు వచ్చి, పీటలు చూసి, "ఏంటి ఇవాళ విశేషం?" అన్నాడు. ఝాన్సీ వడ్డించింది. అతనికొకటి, చంటిగాడికొకటి. తులసి కంచంలో గరిటె వంచినప్పుడు గుడ్డు దొర్లి అన్నం మీద ఆగింది. తులసి దాన్ని ముట్టుకోలేదు. చంటిగాడు, "అక్కకీ గుడ్డే! అక్కకీ గుడ్డే!" అని చప్పట్లు కొట్టాడు. దుర్గాంబ పీట మీద నించి ముందుకి వంగింది.

"ఏమే, మతి ఉండే చేస్తున్నావా?"

"ఉండే చేస్తున్నానండీ. రేపట్నించి పాలు కూడా. నీళ్ళు కలపని పాలు."

"చెప్పింది చెవికెక్కలేదటే నీకు? నా కథంతా చెప్పానే నీకు!"

"ఎక్కిందండీ. మిమ్మల్ని పదకొండేళ్ళకి పంపింది మీగడ కాదు అత్తయ్యగారూ, మీ వాళ్ళు." ఆ మాట అనేసి ఝాన్సీ అక్కడితో ఆగలేదు. మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, మీరొక మాటన్నారు, గుర్తుందో లేదో. పెద్దమనిషయితే బడి మానిపిస్తానని. అది ఎప్పుడైనా అవనివ్వండి. తులసి బడి మానదు. మీరు బజార్ల వెంట తిప్పక్కర్లేదు. బడి మా ఆఫీసు దారిలోనే ఉంది, నేను దింపుతాను, నేను తీసుకొస్తాను."

ఆ ఇంట్లో కోడలు అన్ని మాటలు ఒక్క ఊపిరిలో అనటం అదే మొదలు. ప్రకాశరావు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. పేపరేమో వసారాలో ఉంది. "నలుగురూ ఏమనుకుంటారే?" అన్నాడు చివరికి, ఇంకేం దొరక్క.

"ఏమనుకుంటారండీ, నన్నే అనుకుంటారు. అనుకోనివ్వండి."

అతను అమ్మ వైపు చూశాడు. దుర్గాంబ అతన్ని చూడలేదు, తులసి కంచంలో గుడ్డునే చూస్తోంది, అదేదో పాము గుడ్డు అన్నట్టు. ఆ చూపు కోపం కాదని, భయమని, ఝాన్సీకి ఇప్పుడు తెలుసు. తులసి తల్లి మొహం చూసి, నాయనమ్మ మొహం చూసి, చిటికెన వేలంత ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. తర్వాత ఇంకో ముక్క. తర్వాత మిగతాదంతా ఒక్కసారే. బుగ్గలు రెండూ ఉబ్బి, మింగలేక, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే చంటిగాడు మంచినీళ్ళ గ్లాసు అందించాడు.

"తింటోందిరా, తింటోంది" అని దుర్గాంబ గొణిగింది. తర్వాత గొంతు పెంచింది. "ఇది ఏడాది తిరక్కుండా పెద్దమనిషయిద్ది. నలుగురూ సంబంధాలు పట్టుకుని గుమ్మంలోకొస్తారు. ఆ రోజు దీని చదువుకీ, దీని బతుక్కీ ఎవరే పూచీ? ఎవరు అడ్డం నిలబడేది?"

ఝాన్సీ నాలుగో గుడ్డు అత్తగారి కంచంలో వేసింది. అయిదోది తన కంచంలో వేసుకుని, ఆ కంచం పట్టుకొచ్చి తులసి ఎదురుగా బాసింపట్టు వేసుకు కూర్చుంది. తల దించుకోకుండా, "నేనేనండి" అంది.